ఇంటూ మార్కు

కండె సగం నిండేసరికి దానమ్మకు తన గొంతు వినిపించింది.

ఆమె నోరు మూసుకునే ఉంది. ఎడమచేతి వేళ్ల సందున దారం జారుతోంది, కుడిచేయి రాట్నం తిప్పుతోంది. గొంతు మగ్గం దగ్గర నుంచి వచ్చింది. మగ్గం గుంటలో కాళ్లు వదిలి కూర్చున్న బసన్న పని ఆపి ఫోను చూస్తున్నాడు. అందులోంచి వచ్చింది. ఎండిన జొన్న ఆకుల మీద నడిచినట్టు గరగరలాడే గొంతు.

"ఆకలైతాంది టీచరమ్మా. నీ పూలదండ యాడ దాసినావో సెప్పు. పట్రా, తినేస్తా."

బసన్న పగలబడి నవ్వాడు. మాటల మధ్యలో టుయ్, టుయ్ అని ఏదో మోగింది. ఫోనన్నాక ఏవో వస్తుంటాయి, అదే అనుకుంది దానమ్మ.

"ఏమప్పా అది?" అంది.

"దూదప్ప, దానమ్మా. పొట్టేలు బొమ్మ. మా సిన్నప్పుడు ఆదోని కేబుల్లో ఆదివారం పొద్దున వచ్చేది. మంచి మాట అని. ఇప్పుడు ఎవరో యూట్యూబులో పెట్టినారు. ఊరంతా ఇదే సూస్తాండారు."

"అది నేనే."

"ఏది నువ్వు?"

"ఆ పొట్టేలు."

లోపల నూలు ఆరేస్తున్న ఉచ్చీరమ్మ, బసన్న పెండ్లాం, గడప దాకా వచ్చి చూసింది. "ఏం దానక్కా, కొమ్ములు యాడ పోయినాయి మరి? అమ్ముకుంటివా?"

"మొగోడి గొంతు కదా అది," అన్నాడు బసన్న.

"మిల్లు గొంతు. అప్పుడు నేను ఆదోనిలో జిన్నింగు మిల్లుకు పోతాంటి. దూది నుసి మింగి మింగి అట్లయింది. మిల్లు పక్కన మిద్దె మీద కేబులు ఆఫీసు. ఆయప్ప ఒకరోజు మెట్ల కాడ నేను ఎవర్నో తిడతాంటే ఇని, పైకి రా అన్నాడు."

ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. దానమ్మ రాట్నం ఆపింది. కుడిచేయి పైకెత్తి, నాలుగు వేళ్లూ ఒకచోట చేర్చి, బొటనవేలు కింద నుంచి ఆనించింది. ఆ చేయి నోరు తెరిచింది.

"తప్పయింది టీచరమ్మా, ఇంగోసారి సెయ్యను."

ఉచ్చీరమ్మ చేతిలోని నూలు చిలప కిందికి జారింది. బసన్న ఫోను చూశాడు, దానమ్మ చేయి చూశాడు.

"దేవుడా," అన్నాడు. "దూదప్పా!"

"నా పేరుందా ఆడ? సదువు."

బసన్న కళ్లు చిట్లించి వేలితో కిందికి తోసుకుంటూ చదివాడు. టీచరుగా ఇందిరాబాయి గారు. కెమెరా పట్టింది ఫలానా. పిల్లలు వీళ్లు వీళ్లు. బల్ల మీద పరిచిన దుప్పటి ఎవరి అంగడిదో అదీ ఉంది.

"దూదప్ప అనే కాడ?"

"దూదప్ప అనే ఉండాది. దూదప్పగా దూదప్ప."

"అంటే పొట్టేలు తనంతట తానే మాట్లాడిందా? దుప్పటికి పేరుండాది, నాకి లేదా?"

చేయి విసురుకు దారం తెగింది. తెగితే ఆమె ఊరుకునే మనిషి కాదు, వెంటనే రెండు కొసలూ తడిచేసి మెలిపెట్టి అతికేది. ఆ రోజు కొస అట్లాగే వేలాడుతుంటే లేచి చెప్పులేసుకుంది.

*

కూతురు శ్వేత బడి నుంచి వచ్చి బట్టలు మడతలు పెడుతోంది. ఊళ్లోనే ప్రైవేటు బళ్లో ఎల్‌కేజీ పిల్లలకు టీచరు. మొగుడు ఈరేష్ బెంగుళూరులో బిల్డింగు పనికి పోయి ఉన్నాడు. శ్వేత మాట శుభ్రంగా ఉంటుంది. ఆ పిల్ల మాట్లాడుతుంటే టీవీలో వార్తలు చదివినట్టుంటుందని వాడలో అందరూ అంటారు. ఆ మాట అన్నప్పుడల్లా దానమ్మ ఇంకోసారి అనిపించుకునేది.

"ఫోన్లో దూదప్ప వస్తాండాడంట. తెలుసా నీకి?"

శ్వేత మడత ఆపలేదు. "చూశాను."

"ఎప్పుడు?"

"పోయిన వారం."

"సూసి నాకి సెప్పలే?"

"చెప్పడానికి ఏముందమ్మా. ఎప్పటిదో పాతది."

"నా పేరు లేదంట ఆడ."

"లేకపోతేనే మంచిది."

దానమ్మ కూతురి చేతిలోని చీర లాక్కుంది. "ఏం మంచిది? సెప్పు, ఏం మంచిది? బల్ల కింద మోకాళ్లు ముడుసుకోని, సెయ్యి తిమ్మిరెక్కినా దించకుండా మాట్లాడింది నేను. పిల్లోళ్లు కడుపు పట్టుకోని నవ్వినారు. ఆ నవ్వు నాది. దానికి పేరు నాది ఉండొద్దా?"

"అందరూ నవ్వుకునేదే కదమ్మా అది. అందులో నీ పేరెందుకు?"

"నవ్వాలనే కదే సేసింది!"

శ్వేత ఏదో అనబోయి, చీర మళ్లీ తీసుకుని మొదటి నుంచి మడత పెట్టింది.

"రేపు నేను ఆదోనికి పోతాండా," అంది దానమ్మ. "టీచరమ్మ ఇల్లు నాకి తెలుసు."

"వద్దమ్మా."

"నిన్ను రమ్మన్లేదు."

*

తలుపు తీసినది టీచరమ్మ కొడుకు ప్రమోద్. ముప్పై దాటినవాడు, మెడలో ఇయర్‌ఫోన్లు వేలాడుతున్నాయి. పాత టేపులు అటక మీద నుంచి దింపి యూట్యూబులో పెట్టినది తనేనని తర్వాత తనే చెప్పాడు.

"ఎవరు కావాలండి?"

"టీచరమ్మ ఉండాదా?"

అంతే అంది. లోపల్నుంచి కేక వినబడింది. "అయ్యో! దూదప్పా!"

ఇందిరాబాయి గోడ పట్టుకుని వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. వచ్చి దానమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "నా దూదప్ప వచ్చింది చూడరా. గొంతు చూడు, ఏమీ మారలేదు. కూర్చో, కూర్చో. ప్రమోదా, నీరు కొడో అవరిగె."

ప్రమోద్ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. దానమ్మ తాగలేదు.

"నా పేరు రాయలేదంట," అంది.

"అదేనండి మా బాధ," అన్నాడు ప్రమోద్. "అమ్మకు మీ పేరు గుర్తురాలేదు. కేబుల్ ఆఫీసాయన పోయాడు. ఎవర్ని అడిగినా దూదప్ప, దూదప్ప అంటారే గాని..."

దానమ్మ టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ చూపు నేల మీదికి పోయింది. ప్రతి శనివారం షూటింగప్పుడు ఒకే గదిలో, ఒకే బల్లకు ఆ పక్కన ఆమె, ఈ పక్కన ఈమె.

"దానమ్మ నా పేరు."

ప్రమోద్ ఫోనులో టకటకా కొట్టుకున్నాడు. "రాసేశాను. వచ్చే ఆదివారం ఇక్కడే ఫంక్షన్ హాల్లో కలుస్తున్నామండి, అప్పట్లో చూసిన పిల్లలందరూ. ఫ్లెక్సీలో పెద్దక్షరాలతో మీ పేరు వేయిస్తాను. మీరు వస్తే ఇంక చెప్పక్కర్లేదు."

దానమ్మ కోపం కాస్త కిందికి దిగింది. చెంబెత్తి నీళ్లు తాగింది.

"ఒకసారి సూపిస్తారా? నేను సూడనేలేదు."

"చూడలేదా? ఒక్కటి కూడానా?"

"టీవీ యాడుండె మాకి. అది వచ్చే యాళకు మిల్లులో ఉంటాంటి."

ప్రమోద్ గోడకున్న పెద్ద టీవీలో పెట్టాడు. ముందు పాట వచ్చింది. తర్వాత బల్ల. బల్లకు ఎర్రచారల దుప్పటి. దుప్పటి వెనక నుంచి తెల్లటి తల మెల్లగా లేచింది. అట్ట కొమ్ములు, బొత్తాం కళ్లు. ఎప్పుడూ మెడ వెనక్కి వంచి కింద నుంచి చూసిందే గాని, ముందు నుంచి దూదప్ప మొహం దానమ్మ చూడటం అదే మొదటిసారి.

"అబ్బ, ఎంత బాగుండాడు," అంది. నవ్వింది. ఒళ్లో ఉన్న కుడిచేయి తనకు తెలియకుండానే వేళ్లు చేర్చుకుని, తెర మీది నోటితో పాటు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది.

"పొద్దున ఏం తిన్నావు దూదప్పా?" తెర మీద టీచరమ్మ అడిగింది. అప్పటి టీచరమ్మ, నల్లటి జడ.

"సద్ది రొట్టె తిన్యా టీచరమ్మా."

టుయ్.

దూదప్ప మొహం మీద అడ్డంగా ఎర్రటి గీతలు రెండు పడ్డాయి. ఒకదాన్ని ఒకటి కోసుకుంటూ.

"ఇంగా ఆకలైతాంది. యాడన్నా ఆకు ఉంటే సెప్పు."

టుయ్. టుయ్. టుయ్. గీతల మీద గీతలు. కింద అక్షరాలు వచ్చి పోతున్నాయి.

ఒళ్లో చేయి ఆగింది.

"అదేమప్పా ఎర్రగ?"

"ఇంటూ మార్కండి. తప్పు మాట వచ్చినప్పుడల్లా పడుతుంది. అప్పట్లోనే ఎంత బాగా చేశారో చూడండి. ఇప్పుడు అమ్మ వచ్చి ఒప్పు మాట చెబుతుంది."

తెర మీద టీచరమ్మ ఒక్కతే ఉంది. బల్ల లేదు, పొట్టేలు లేదు. చేతిలో పలక. "దూదప్ప ఏమన్నాడు పిల్లలూ? సెప్పు అన్నాడు. మనం ఏమనాలి? చె-ప్పు. దూదప్ప యాడ అన్నాడు. మనం ఏమనాలి? ఎ-క్క-డ." ప్రతి మాటకూ ఆకుపచ్చ రైటు మార్కు. పిల్లలు వెనక నుంచి ఒక్క గొంతుతో పలికారు.

మళ్లీ దూదప్ప వచ్చాడు. తల వంచుకున్నాడు.

"తప్పయింది టీచరమ్మా, ఇంగోసారి సెయ్యను."

ప్రమోద్ నవ్వుతూ దానమ్మ వైపు తిరిగాడు. నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

"తప్పయింది అనింది," అంది దానమ్మ, "పూలదండ తిన్నందుకు కదా?"

ప్రమోద్ టీవీ ఆపేశాడు.

"టీచరమ్మా. పూలదండ తినింటాడు, పుస్తకం నమిలింటాడు, దానికి తప్పయింది అనమంటివి నువ్వు. నేను దానికే అంటి. ఇది యాడ నుంచి వచ్చె?"

"నీవు మిల్లుకు పోయినాక ఆ ముక్క వేరే తీసేవాళ్లు," అంది ఇందిరాబాయి. "ఆయన కత్తిరించి అతికేవాడు. పిల్లలకు పుస్తకంలో మాట రావాలని, అదే దాని ఉద్దేశం. చెడ్డ ఉద్దేశం కాదు దానమ్మా."

"నాకి సెప్పలేదే."

"చెబితే జాగ్రత్త పడి మాట్లాడతావు. అప్పుడు ఇంక కార్యక్రమం ఏముంటుంది అని..."

"నా మాట తప్పని నాకి తప్ప అందరికీ తెలుసు. నీకి తెలుసు."

"తెలుసు."

దానమ్మ లేచింది. "ఇందాక నువ్వు కొడుకుతో నీరు కొడో అంటివి. మీ ఇంట్లో కన్నడం. దానికెవరన్నా టుయ్ అన్నారా ఎప్పుడన్నా?"

ఇందిరాబాయి కొంగు చివర వేలికి చుట్టుకుంది. "అన్నారు. ట్రైనింగులో నా తెలుగు విని బెంచీలు చరిచి నవ్వేవాళ్లు. గదిలో తలుపేసుకుని ఏడ్చి ఏడ్చి నేర్చుకున్నాను."

"నేర్సుకోని, కసి నా మీద తీర్సుకుంటివి."

"అమ్మను అట్లా అనకండి," అన్నాడు ప్రమోద్.

"ఆ గీతలు తీసెయ్ అప్పా."

"తీయలేమండి. టేపులోనే కలిసిపోయాయి. ఎవరూ అట్లా అనుకోరండి, అందరికీ దూదప్పంటే ప్రాణం. ఆదివారం వచ్చి మీరే చూడండి."

"ఆదివారం ఆ టుయ్ ఉంటే నేను రాను."

"ఉండదు. ఒట్టు. ఆ శబ్దం వేసే మిషన్ కూడా పెట్టం."

*

సాయంత్రం ఇంట్లో దానమ్మ రొట్టెలు చేస్తోంది. జొన్నపిండిలో వేడినీళ్లు పోసి మెదిపి, పీట మీద పెట్టి తట్టుతోంది. రొట్టె తట్టే చేతికి ఒక లెక్క ఉంటుంది, అంచు పలచనవుతూ గుండ్రంగా తిరగాలి. ఆ రోజు అంచులు చీలుతున్నాయి. చీలినదాన్ని ముద్ద చేసి మళ్లీ తట్టింది.

శ్వేత పొయ్యి పక్కన కూర్చుంది. "ఏమన్నారు?"

"నువ్వు సిన్నప్పుడు దూదప్పను సూసినావా?"

శ్వేత పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది.

"నేను మిల్లుకు పోయినాక యాడికి పోతాంటివి ఆదివారం?"

"పక్కింట్లోకి."

"ప్రతి వారమా?"

"ఊ."

"ఆ ఎర్రగీతలు సూసినావు."

"చూశాను."

"ఎందుకు సెప్పలే?"

"ఏమని చెప్పేది?" శ్వేత గొంతు పెరిగింది. "నువ్వు ఎంత సంతోషంగా వచ్చేదానివి శనివారం! ఈ పొద్దు పిల్లోళ్లు ఇంత నవ్వినారు, అంత నవ్వినారు అని. నీకేమని చెప్పేది? ఒకరోజు బళ్లో సార్ అడిగితే లేచి, నేను సెప్తా సార్ అన్నాను. తరగతి తరగతంతా టుయ్ అన్నారు. సార్ కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి నోరు తెరిచే ముందు ప్రతి మాటా లోపల ఒకసారి అనుకుని, అది సరిగ్గా ఉంటేనే బయటికి అనేదాన్ని. ఇప్పటికీ అంతే. దూదప్ప మా అమ్మే అని నేను ఎవరితో అంటాను?"

పెనం మీద రొట్టె మాడింది. దానమ్మ దాన్ని చేత్తోనే తీసి పక్కన పడేసింది. వేళ్లు కాలాయా అని కూడా చూసుకోలేదు.

"అయితే నీ మాట నీది కాదు," అంది. "నా మాటకు పెట్టిన గీతల్ని సూసి నేర్సుకున్నది. దాన్ని పట్టుకోని నా కూతురు వార్తలు సదివినట్టు మాట్లాడుతాదని నేను ఊరంతా సెప్పుకుంటి. థూ."

"వెళ్లకమ్మా ఆదివారం."

"పోతా."

"ఎందుకు? మళ్లీ నవ్వించుకోడానికా?"

"నేను పోకుంటే ఇంగొకర్ని పిల్సి ఆ పొట్టేలు నోట్లో సెయ్యి పెట్టిస్తారు. వాళ్లూ నా మాదిరే మాట్లాడి నవ్విస్తారు. అదీగాక పేరు రాస్తామన్నారు. ఆ గీతల కింద మాట ఎవరిదో తెలియాల. పొట్టేలుది కాదు, మనిషిది అని తెలియాల."

ఇంకో ముద్ద పీట మీద పెట్టింది. గట్టిగా తట్టింది. శ్వేత లేచి పోలేదు. మాడిన రొట్టె తీసుకుని నల్లటి చోట గోటితో గీకుతూ కూర్చుంది.

"నేనూ వస్తాను," అంది చివరికి.

*

ఆదివారం హాలు నిండింది. అందరూ ముప్పై, ముప్పై అయిదేళ్లవాళ్లు. కొందరి ఒళ్లో పిల్లలున్నారు. పాత పాట పెడితే గొంతు కలిపి పాడుతున్నారు. వేదిక మీద బల్ల, బల్లకు ఎర్రచారల దుప్పటి. వెనక గోడకు పెద్ద ఫ్లెక్సీ. దాని మీద టీచరమ్మ బొమ్మ, దూదప్ప బొమ్మ.

"నా పేరుండాదా?" అని అడిగింది దానమ్మ.

శ్వేత ఫ్లెక్సీ వైపు చాలాసేపు చూసింది. "ఉంది."

"యాడ?"

"కింద. పెద్దక్షరాలు."

దానమ్మ ఆ అక్షరాలు చూసింది. పసుపు రంగువి, లావుగా ఉన్నాయి. ఆమెకు చదువు రాదు గాని, బాగున్నాయనిపించింది. కూతురి మొహం మాత్రం బాగాలేదు. అడగబోయేలోగా ప్రమోద్ వచ్చి వేదిక వెనక్కి తీసుకుపోయాడు.

దూదప్పను గుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఒక చెవి లేదు. బొచ్చు అక్కడక్కడ పురుగు కొట్టింది. దానమ్మ చేయి లోపలికి పెట్టింది. వేళ్లు వాటి చోట్లలో అవే సర్దుకున్నాయి. బల్ల కిందికి దూరడం మాత్రం కష్టమైంది. మోకాలు పట్టేసింది. ఒక చేయి నేలకు ఆనించి, కూర్చుని, రెండో చేయి పైకెత్తింది.

పైన హోరు లేచింది. "దూదప్పా! దూదప్పా!" ఈలలు. ఆ కాసేపు ఆమెకు కోపం గుర్తులేదు. చేయి దానంతట అదే అటూ ఇటూ తిరిగి అందర్నీ చూసింది.

"ఇన్నాళ్లు ఎక్కడికి పోయావు దూదప్పా?" మైకులో టీచరమ్మ అడిగింది.

"యాడికి పోతా టీచరమ్మా, ఈన్నే ఉండా."

"టుయ్!"

మిషన్ లేదు. ప్రమోద్ మాట తప్పలేదు. అన్నది హాలు. అందరూ కలిసి, ఒక్క గొంతుతో, నోళ్లతోనే అన్నారు. అని సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టారు.

దానమ్మ బల్ల కింద కళ్లు మూసుకుంది.

"ఏం తిన్నావు ఈరోజు?"

జవాబు లేదు.

"దూదప్పా? అలిగావా?"

"సెప్పను."

"టుయ్!" ఈసారి ఇంకా గట్టిగా. పిల్లల గొంతులు కూడా కలిశాయి, నేర్చేసుకున్నట్టున్నారు.

పైకెత్తిన చేయి నోరు మూసింది. గట్టిగా, వేళ్లు నొప్పి పుట్టేలా మూసింది. టీచరమ్మ ఇంకేదో అడిగింది. నోరు తెరుచుకోలేదు. నవ్వులు మెల్లగా తగ్గాయి. ఎవరో దగ్గారు.

"తప్పయింది అను దూదప్పా," అని బతిమాలినట్టు అంది టీచరమ్మ. "అందరూ ఎదురుచూస్తున్నారు."

చేయి దిగలేదు. నోరు తెరుచుకోలేదు. కింద దానమ్మకు భుజం మండుతోంది. దించితే దూదప్ప తల వంచినట్టవుతుంది. దించలేదు.

అప్పుడు హాలు మధ్యలో నుంచి కుర్చీ జరిగిన చప్పుడు.

"ఆ పేరు తప్పు రాశారు." శ్వేత గొంతు.

"ఏ పేరండి?" అన్నాడు ప్రమోద్ మైకులో.

"ఫ్లెక్సీ మీద. శ్రీమతి ధనమ్మ అని రాశారు."

"అవునండి, ధనమ్మ గారే. ఆవిడ దానమ్మ అని పలికారు. మరి మన దూదప్ప పలకడం తెలిసిందే కదా. సరిచేసి వేయించాం."

హాలు నవ్వింది. ప్రేమగానే నవ్వింది. బల్ల కింద దానమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పేరుకు కూడా పెట్టినారు ఇంటూ మార్కు.

"మా యమ్మ పేరు దానమ్మ." శ్వేత ఒక్కొక్క మాట లోపల అనుకుని బయటికి అంటున్నట్టు లేదు. "వాళ్లవ్వ పేరు పెట్టినారు. అది తప్పు కాదు. సరిసెయ్యమని ఎవరు సెప్పినారు మీకు?"

వెనక వరసలో ఎవడో, అలవాటుగా, "టుయ్" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు.

"ఎవరది? లెయ్." ఎల్‌కేజీ పిల్లల్ని లేపే గొంతు. "లేసి నిలబడి అను. సెప్పినారు అనే అన్నా. ఇంగోసారి అంటాండా. ఎవరు సెప్పినారు?"

ఎవడూ లేవలేదు.

కాసేపటికి టీచరమ్మ మైకు దగ్గరికి లాక్కున్న చప్పుడు వినబడింది. "తప్పు మాదే," అంది. "పేరు దానమ్మ. దీర్ఘం ఉంది. అందరూ అనండి. దా-న-మ్మ."

"దా-న-మ్మ," అంది హాలంతా.

టీవీలో విన్న పాటే. చె-ప్పు, ఎ-క్క-డ, దా-న-మ్మ. అదే సాగదీత. ఇంకొక్క క్షణం ఆగితే పక్కన ఆకుపచ్చ రైటు మార్కు కూడా పడేటట్టుంది.

దానమ్మ చేయి దించి, దూదప్పలోంచి బయటికి తీసింది. దుప్పటి ఎత్తి, బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడింది. ఎదురుగా అన్ని మొహాలు. ఎవరూ ఆమెను ఎప్పుడూ చూడలేదు, ఆమె వాళ్లనూ చూడలేదు. గరగర గొంతుతో, మైకు లేకుండా అంది.

"సాల్లే టీచరమ్మా. నా పేరు పిల్సేకి నేర్పాల్సిన పనిలేదు. ఊరికే పిల్సేదానికే పెట్టినారు."

దూదప్పను బల్ల మీద పడుకోబెట్టింది. ఇందిరాబాయి చేయి చాపింది. పట్టుకోవడానికో, ఆపడానికో. దానమ్మ పక్క నుంచి మెట్లు దిగింది. జనం దారిచ్చారు. శ్వేత చెప్పులు వెతుక్కుంటూ వెనకే వచ్చింది.

*

బస్సులో కిటికీ పక్కన శ్వేత కూర్చుంది. బస్సు ఊరు దాటింది.

"లోపలికి పోయినప్పుడే పేరు తప్పని తెలుసు కదా నీకి," అంది దానమ్మ. "ఉంది అంటివి."

"నీకు చదవడం రాదు కదా అని..." శ్వేత ఆగింది. "తెలియకుండా పోతుందిలే అనుకున్నాను."

"సిన్నప్పుడూ అంతే అనుకుంటివి."

"ఊ."

కండక్టరు వచ్చి పోయాడు. దానమ్మ కుడి భుజం ఎడమచేత్తో పిసుక్కుంటోంది. కోపం తగ్గలేదు. అది ఎవరి మీదో ఒక్కరి మీద పెట్టి దించుకునేది కాదని మాత్రం తెలుస్తోంది. శ్వేత ఒకసారి ఆ భుజం మీద చేయి వేయబోయి, వెనక్కి తీసుకుంది.

"ఏమన్నా మాట్లాడమ్మా," అంది.

"నేను మాట్లాడింది సాలు. నువ్వు మాట్లాడు, ఇంటా."

శ్వేత పెదవులు కదిలాయి. లోపల ఏదో అనుకుంటోంది, సర్దుకుంటోంది. బయట రోడ్డుకు రెండు పక్కలా పత్తి. కొన్నిచోట్ల తెల్లగా, కొన్నిచోట్ల ఏరేసి మోడుగా ఉంది.

"ఆ సేను సూడుమా," అంది శ్వేత. "ఇంగా ఏరనేలేదు. గాలికి పడిపోతాంది పత్తంతా."

దానమ్మ అటు తిరిగి చూసింది.

"కూలోళ్లు దొరకల్యేమో," అంది.